మీటరు పెట్టి పట్టేవాడు

పాత డీజిల్ వ్యాన్ ఎంత తొక్కినా పుంజుకోదు. స్కానర్ పెడితే తప్పు యాక్సిలరేటర్ పెడల్ సెన్సర్‌దే అంటుంది. తొందరపడేవాడు కొత్తది వేసేస్తాడు. జనగామలోనైనా మహబూబాబాద్‌లోనైనా పని తెలిసిన మెకానిక్ ముందు మల్టీమీటర్ తీస్తాడు. సెన్సర్‌కు 5 వోల్టులు అందుతున్నాయా, ఎర్త్ సరిగ్గా ఉందా చూస్తాడు. పెడల్‌ను మెల్లగా నొక్కుతూ సెన్సర్ ఇచ్చే రెండు సిగ్నళ్లనూ గమనిస్తాడు. చాలా బండ్లలో ఒకటి రెండోదానికి సగం ఉండాలి. లెక్క కుదరకపోతే ఇంజన్ కంప్యూటర్ రెండింటినీ నమ్మదు, వేగం తగ్గించేస్తుంది. (మన మంచికే లెండి.) ఆపైన వైరింగ్‌ను వేళ్లతో కదుపుతాడు. మీటర్లో అంకె ఎగిరిందా, దొంగ దొరికినట్టే! భూపాలపల్లి బొగ్గు దుమ్ములో తిరిగే బండికైతే కనెక్టర్ పిన్నులకు పట్టిన చిలుమే ఈ తంటాకు చాలు. గీకి, తుడిచి, బిగిస్తాడు. సెన్సర్ కొనేముందు ఇలాంటివాడికి ఒకసారి చూపించండి.