కుట్టు విప్పిన జాకెట్టు

కథలో మనిషి ఒళ్ళు చెయ్యడం ఎలా రాయాలో నాకు మా మేనత్త నేర్పింది.

పత్తి తీతలకెళ్ళే పిల్ల పెళ్ళయి, ఇద్దరు బిడ్డల్ని కని, పురుగుమందుల కొట్లో గల్లా ముందు కూర్చునే దాకా ఒక కథ రాశాను. మొదటి పేజీలో పుల్లలా ఉంది; మూడో పేజీకి 70 కిలోలు. అత్తకి చదివి వినిపించాను. "రాత్రికి రాత్రే ఊరిందట్రా?" అంది.

అత్త పర్చూరులో ఏళ్ళ తరబడి జాకెట్లు కుట్టింది. పెట్టెలోంచి తన పాత జాకెట్టు తీసి తిరగేసింది. చంక కింద లోపలికి వదిలిన గుడ్డ మీద సూది బెజ్జాలు, మూడు వరుసలు. "ఇది పెళ్ళప్పటి కుట్టు. పెద్దాడు పుట్టాక విప్పి ఇక్కడేశా. మళ్ళీ లోపలికొచ్చింది చూడు, ఆ ఏడు మిరప కోతలకెళ్ళా." జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఎండలో వంగి కాయలు కోస్తే ఒంటి మీద కండ నిలుస్తుందా? నా కథలో ఒళ్ళు పెరగడమే ఉంది, తగ్గడం లేదు. మధ్యలో ఒక్క కోతల కాలమూ లేదు.

2015లో వచ్చిన 'సైజ్ జీరో' సినిమా కోసం హీరోయిన్ అనుష్క నిజంగానే బరువు పెరిగారు. తెరకి ఆ ఒళ్ళు ఒక్క చూపులో అందుతుంది. కాగితం మీద అది కుదరదు, కాలం గడవాలి. కిలోల లెక్క గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ బస్తాలకి సరిపోతుంది, మనిషికి చాలదు.

"ఒళ్ళు చేశావే!" అనే మాట ఇంట్లోవాళ్ళ నోట రాదు. రోజూ చూసే కంటికి మార్పు ఆనదు. చాన్నాళ్ళకి వచ్చిన చుట్టమే అంటుంది. కూలికెళ్ళే ఇళ్ళలో ఆ మాట మెప్పు కూడా: పిల్ల కడుపు నిండా తింటోందని. తెనాలి హోటళ్ళలో పనిచేస్తూ నవలలు రాసిన రచయిత శారద ఆకలిని దగ్గరగా ఎరిగినవాడు. అలాంటి నేల మీద నిండిన ఒంటిని వెక్కిరింపుగా రాయడానికి నాకు చెయ్యి రాదు.

కథ తిరగరాశాను. కిలోలు తీసేశాను. రెండేళ్ళకి చెల్లెలు వస్తుంది, బస్టాండులో అక్కని చూసి ఆగిపోతుంది. ఆ రాత్రి అక్క సబ్బు నురగ రాసుకుని గాజులు తీస్తుంది. మూడు వస్తాయి, నాలుగోది రాదు.

అత్త మొత్తం వింది. "ఆ నాలుగో గాజు పుట్టింటిదా, అత్తింటిదా? అది రాయి," అంది.