విద్యార్థి ప్రగతిని చెప్పు యంత్ర సహాయకుడు: గుణదోష విచారణ

హైస్కూలు ఉపాధ్యాయుని బల్లపై హాజరు పట్టీయు, మార్కుల రిజిస్టరును వేర్వేరుగా ఉండును. విద్యార్థి బడికి వచ్చెనా అన్న ప్రశ్నకు మొదటిది, పాఠము వానికి వచ్చెనా అన్న ప్రశ్నకు రెండవది సమాధానమిచ్చును. ఈ రెండు ప్రశ్నలను కలిపివేయు ఉపాధ్యాయుడు ఉండడు. కాని కంప్యూటరు ద్వారా జరుగు బోధనలో ఇవి రెండును ఒకే తెరపై, ఒకే అంకెగా కనిపించుటచే పొరపాటునకు తావు కలుగుచున్నది. ఆ అంకెను చదివి చెప్పుటకు కృత్రిమ మేధతో పనిచేయు ‘ఏజెంటు’లు కూడ వచ్చినందున, వాటి గుణదోషములను విచారించుట అవసరము.

ఆన్‌లైను పాఠ్యక్రమములను నడపు ప్రోగ్రాములలో మూడిల్ ప్రసిద్ధమైనది. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డూగియామాస్ దీనిని 2002లో వెలువరించెను. ఏ విద్యార్థి ఏ పాఠ్యక్రమములో చేరెను, ఎంత భాగము ముగించెను అను వివరములు ఇందులో నమోదగుచుండును. బయటి ప్రోగ్రాములు వాటిని అడిగి పొందుటకు తగిన ద్వారములు కూడ కలవు. ఏజెంటు ఉపకరణము ఈ ద్వారముననే ప్రవేశించును.

“తొమ్మిదవ తరగతిలో గణిత పాఠములు ముగించనివారెవరు?” అని ఉపాధ్యాయుడు మామూలు మాటలలో అడుగును. భాషా నమూనాకు ఆ పిల్లల సంగతి ఏమియు తెలియదు. ఏ ఉపకరణమును ఏ వివరములతో పిలువవలెనో అది వ్రాసి చూపును. వేరొక ప్రోగ్రాము ఆ పిలుపును అమలు జరిపి, వచ్చిన జాబితాను నమూనాకు అందించును. నమూనా దానిని వాక్యములుగా మార్చి చెప్పును. ఇట్టి పిలుపులకు ఉమ్మడి పద్ధతిగా ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనుదానిని ప్రకటించెను.

దీనివలన మేలు లేకపోలేదు. పది తెరలు తిప్పి చూడవలసిన శ్రమ తప్పును. కంప్యూటరు పనిలో అంతగా నేర్పు లేని ఉపాధ్యాయుడును తన తరగతి స్థితిని తెలిసికొనగలడు. ఊహించి చెప్పుటకంటె, ఉన్న రికార్డును తెచ్చి చెప్పుట మేలైన పద్ధతియే.

దోషములలో మొదటిది అసంపూర్ణత. కాన్వాస్ అను మరియొక ప్రోగ్రాము, వేరుగా కోరనిచో, జాబితాను పుటకు పది పేర్ల చొప్పున పంపును. తరువాతి పుటలను అడుగని ఉపకరణము అరువదిమంది గల తరగతిలో పదిమందినే చూచి, “అందరును ముగించిరి” అని చెప్పవచ్చును. సాయము కావలసిన పిల్లలు మిగిలిన ఏబదిమందిలో ఉన్నచో, వారి సంగతి ఉపాధ్యాయునికి తెలియనే తెలియదు.

రెండవది ఖాళీని సున్నగా చదువుట. పూర్తిచేసినదానిని గుర్తించు ఏర్పాటు మూడిల్‌లోని ఒక పాఠ్యక్రమమునకు పెట్టనిచో, ప్రగతి గడి ఖాళీగా వచ్చును. థర్మామీటరు పెట్టకుండుటయు, ఉష్ణోగ్రత సున్న డిగ్రీలని చెప్పుటయు ఒకటి కావు. ఈ భేదము నెరుగని ఉపకరణము, శ్రద్ధగా చదివిన బాలికను ఏమియు చదువలేదని తలిదండ్రులకు తెలుపును.

మూడవది మరింత లోతైనది. ప్రగతి శాతమనగా, గుర్తింపు పెట్టిన అంశములలో ఎన్ని ముగిసెనను లెక్క మాత్రమే. పుట తెరచినంతనే అది ముగిసినట్లు ఏర్పాటు చేయవచ్చును. విద్యార్థియే గుర్తు పెట్టుకొనునట్లును చేయవచ్చును. ఇరువది అంశములలో పదునెనిమిది పుటలను తెరచి, రెండు పరీక్షలు వ్రాయని బాలునికి నూటికి 90 వచ్చును. ఈ చిక్కు క్రొత్తది కాదు. స్కార్మ్ 1.2 అను ప్రమాణములో ‘ముగించెను’, ‘ఉత్తీర్ణుడయ్యెను’ అనునవి ఒకే గడిలో ఉండెడివి. స్కార్మ్ 2004లో వాటిని రెండు గడులుగా విడదీసిరి. చేరుట, ముగించుట అనువాటి మధ్య దూరమును 2012లో అమెరికాలోని ఎం.ఐ.టి. నడపిన ఎలక్ట్రానిక్ వలయముల పాఠ్యక్రమము చూపెను. అందు దాదాపు 1,55,000 మంది చేరగా, ధ్రువపత్రము పొందినవారు 7,157 మంది.

ఇక గోప్యత సంగతి. మూడిల్ ద్వారమును తెరచు తాళపుచెవిని టోకెను అందురు. ఆ టోకెను ఎవరిదో వారి అధికారములన్నియు ఉపకరణమునకు సంక్రమించును. నిర్వాహకుని టోకెనును ఏజెంటు చేతికిచ్చినచో, ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకు ఇతరుల వివరములును బయటపడవచ్చును. భారతదేశపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలలుగా పరిగణించుచున్నందున, హైస్కూళ్లలో ఈ విషయమై మరింత జాగ్రత్త అవసరము.

కావున ఈ సాధనమును త్రోసిపుచ్చనక్కరలేదు. దాని మాటను తుదితీర్పుగా తీసికొనరాదు. మంచి ఉపకరణము ఎందరిలో ఎందరి రికార్డులు చూచెనో, ఎవరికి కొలతయే లేదో, దేనిని ముగింపుగా లెక్కించెనో తన సమాధానములోనే చెప్పవలయును. అట్లు చెప్పనిదానిని ఉపాధ్యాయుడు తిరిగి ప్రశ్నించవలయును. జాబితాలో వెనుకబడినట్లు కనిపించిన విద్యార్థిని పిలిచి, ఒక లెక్క ఇచ్చి చేయించి చూచిన పిమ్మటనే రిజిస్టరులో వ్రాయుట ఉచితము.