మూడున్నర థౌల లెక్క

మహబూబాబాద్ నుంచి గూడూరు, కొత్తగూడ వైపు, భూపాలపల్లి నుంచి కాటారం, మహాదేవపూర్ వైపు ఒకప్పుడు జీపులే దిక్కు. బస్సు దొరకని వేళ మనుషుల్నీ మిర్చి బస్తాల్నీ మోసిన బండ్లవి. జనగామలాంటి ఊళ్లలో పెళ్లికీ ఆసుపత్రికీ కిరాయికి వచ్చేది అంబాసిడర్. ఆ తరం బండ్లు ఇప్పుడు రోడ్డు మీద అరుదే గానీ పూర్తిగా మాయం కాలేదు. తాత కొన్న కారని ఒకరు, పొలానికి పనికొస్తుందని ఇంకొకరు దాచుకున్నారు. వాటిలో ఒకటి నీలం పొగ కొడుతూ, లీటర్ల కొద్దీ ఆయిల్ తాగుతూ షెడ్డుకు వస్తే మెకానిక్ నోట వచ్చే మాట ఒకటే: ఇంజను బోరుకొచ్చింది, అంటే పిస్టన్ కదిలే బోరు అరిగిపోయింది.

అక్కడి నుంచి మొదలయ్యే పనిలో ఎన్నో అంచెలున్నాయి. ఇంజను దించాలి, హెడ్డు విప్పాలి, బ్లాకును లేతు షాపుకు పంపాలి. ఇన్నింటిలో ఇంజను ఎంతకాలం బతుకుతుందో తేల్చేది మాత్రం పిస్టన్‌కీ బోరు గోడకీ మధ్య వదిలే ఖాళీ. దాన్ని పనివాళ్లు థౌలలో లెక్కిస్తారు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 0.0254 మిల్లీమీటర్లు. మన తల వెంట్రుక మందమే సుమారు మూడు థౌలుంటుంది.

మిల్లీమీటర్లు వచ్చి ఇన్నేళ్లయినా ఈ లెక్క థౌలలో మిగలడానికి కారణం ఆ ఇంజన్ల పుట్టుకలోనే ఉంది. అంబాసిడర్ పాత 1489 సీసీ ఇంజను బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వంశానిది. దాని బోరు 73.025 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా రెండు అంగుళాల ఏడు బై ఎనిమిది. మహీంద్రా జీపుల్లో వచ్చిన 2523 సీసీ ఎండీఐ డీజిల్ బోరు 88.9 మిల్లీమీటర్లు, కచ్చితంగా మూడున్నర అంగుళాలు. దాని స్ట్రోకు నాలుగు అంగుళాలు. ఫియట్ సంతానమైన ప్రీమియర్ పద్మిని బోరు మాత్రం 68 మిల్లీమీటర్లు. అందుకే అరిగిన బోరును పెద్దది చేశాక వేసే దాని ఓవర్‌సైజు పిస్టన్లు మిల్లీమీటర్లలో వస్తాయి, అంబాసిడర్‌వి 20 థౌ, 40 థౌ అంటూ వస్తాయి.

ఆ ఖాళీ అసలెందుకు? తొలినాళ్ల ఇంజన్లలో పిస్టన్ కూడా పోత ఇనుముదే, బ్లాకుతో పాటు దాదాపు సమానంగా వ్యాకోచించేది. 1913లో బ్రిటన్ ఇంజనీరు డబ్ల్యూ.ఓ. బెంట్లీ ఫ్రాన్సులోని డీఎఫ్‌పీ కార్ల ఫ్యాక్టరీలో అల్యూమినియంతో చేసిన ఒక పేపర్ వెయిట్ చూసి, ఈ లోహంతో పిస్టన్లు ఎందుకు చేయకూడదని ఆలోచించాడు. తేలికైన పిస్టన్‌తో ఇంజను వేగం పెరిగింది, దాంతో పాటే కొత్త చిక్కూ వచ్చింది. పిస్టన్లకు వాడే అల్యూమినియం మిశ్రమం వేడికి ఇనుము కన్నా ఇంచుమించు రెట్టింపు సాగుతుంది. పైగా మంట తగిలేది పిస్టన్ నెత్తికే. చల్లగా ఉన్నప్పుడు ఖాళీ సరిపడా వదలకపోతే వేడెక్కగానే పిస్టన్ గోడను పట్టేస్తుంది.

పిస్టన్ చూడ్డానికి గుండ్రంగా ఉన్నా నిజానికి గుండ్రంగా ఉండదు. పిన్ను దిశలో లోహం ఎక్కువ కాబట్టి అటు ఎక్కువ సాగుతుందని తెలిసి, తయారీదారే అటువైపు వ్యాసం కొంచెం తగ్గిస్తాడు. నెత్తి దగ్గర వేడి ఎక్కువ కాబట్టి అక్కడా సన్నగా చెక్కుతాడు. కాబట్టి మైక్రోమీటర్ పెట్టాల్సింది పిన్నుకు అడ్డంగా, కింది స్కర్ట్ మీద, కంపెనీ చెప్పిన ఎత్తులో. నెత్తి దగ్గర కొలిచి ఖాళీ చాలా ఉందని సంబరపడితే మోసపోయినట్టే.

బోరు అరుగుదల కూడా ఒక తీరుగా ఉండదు. పిస్టన్ మీది పై రింగు ఆగి వెనక్కి తిరిగే చోట ఎక్కువ అరుగుతుంది. అక్కడ మంట ఎక్కువ, ఆయిల్ తక్కువ. దానికి పైన రింగు తాకని చోట గట్టు మిగిలిపోతుంది, గోరుతో తడిమితేనే తెలుస్తుంది. కనెక్టింగ్ రాడ్ వాలుగా నెట్టడం వల్ల క్రాంక్‌కు అడ్డం దిశలో అరుగుదల ఎక్కువై బోరు కోలగా మారుతుంది. అందుకే పై, మధ్య, కింది భాగాల్లో, ఒక్కో చోట రెండు దిశల్లో, బోరుకు ఆరు కొలతలు తీస్తారు. నాలుగు సిలిండర్లకు ఇరవై నాలుగు. ఈ ఓపిక లేని చోట రింగులు మాత్రం మార్చి బండి అప్పగిస్తారు. కోలగా మారిన బోరులో కొత్త రింగు గోడను చుట్టూ తాకదు, పొగ త్వరలోనే మళ్లీ మొదలవుతుంది.

అరిగిన బోరును పెద్దది చేసే రీబోర్‌కు పిస్టన్లు ముందు చేతికి రావాలి, బోరింగ్ తర్వాత జరగాలి. డబ్బా మీద 20 థౌ ఓవర్‌సైజు అని ఉన్నంత మాత్రాన లోపలి పిస్టన్ సరిగ్గా అంతే ఉండాలని లేదు. కొందరు తయారీదారులు ఖాళీని ముందే తీసేసి పిస్టన్ చేస్తారు, కొందరు చేయరు. కనుక మంచి లేతు మేస్త్రి ఒక్కో పిస్టన్‌ను కొలిచి, నంబరు వేసి, దానికి తగినట్టు ఒక్కో బోరు తీస్తాడు. పోత పిస్టన్లకు షాపుల్లో నోటి లెక్క ఒకటుంది: అంగుళం బోరుకు ఒక థౌ. మూడున్నర అంగుళాల బోరుకు మూడున్నర థౌలన్నమాట. కంపెనీ మాన్యువల్‌లో అంకె దొరికితే ఆ అంకెదే పైచేయి.

ఈ ఖాళీని, అంటే క్లియరెన్స్‌ను కొలవడానికి ఒక మంచి పద్ధతి ఉంది. మైక్రోమీటర్‌ను పిస్టన్ స్కర్ట్‌కు బిగించి లాక్ చేస్తారు. దాని దవడల మధ్య, బోరు లోపలి వ్యాసం కొలిచే బోర్ గేజ్ పెట్టి ముల్లును సున్నాకు తిప్పుతారు. ఆ తర్వాత గేజ్‌ను బోరులోకి దించి అటూ ఇటూ మెల్లగా ఊపితే, ముల్లు వెనక్కి తిరిగే చోట కనిపించే అంకే క్లియరెన్స్. రెండు పెద్ద సంఖ్యలు రాసి తీసివేసే పని లేదు. మైక్రోమీటర్ అర థౌ తప్పు చూపిస్తున్నా ఫలితం చెడదు, ఎందుకంటే ఆ తప్పు రెండువైపులా ఒకటే. కొలతల పనిలో ఇంతకన్నా నికార్సయిన తెలివి అరుదు.

బోర్ గేజ్ లేని కాలంలో ఫీలర్ పట్టీతోనే పని నడిచింది. విల్లిస్ జీపు మాన్యువల్ చెప్పిన తీరు ఇది: రింగులు లేని పిస్టన్‌నూ, ముప్పావు అంగుళం వెడల్పు, మూడు థౌల మందం ఉన్న పట్టీనీ కలిపి, పిస్టన్ గోడను నెట్టే వైపున బోరులోకి దించాలి. పట్టీ చివర స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగాలి. ఐదు నుంచి పది పౌండ్ల బలానికి వస్తే సరి. తేలిగ్గా జారితే లూజు, మొరాయిస్తే టైటు. త్రాసు అవసరం లేకుండా వేళ్లతోనే ఆ లాగుడు తెలిసే మెకానిక్కుల నేర్పు ఈ పద్ధతి నుంచే వచ్చింది.

మన దగ్గర ఈ కొలతల చిక్కుకు ఎండ తోడవుతుంది. యంత్ర కొలతలకు ప్రపంచమంతా ఒప్పుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. భూపాలపల్లిలో మే నెల మధ్యాహ్నం నలభై దాటుతుంది. మూడున్నర అంగుళాల పిస్టన్‌నూ బ్లాకునూ 42 డిగ్రీల దగ్గర కొలిస్తే, అల్యూమినియం ఎక్కువ సాగినందువల్ల ఖాళీ సుమారు 0.7 థౌ తక్కువగా కనిపిస్తుంది. మూడున్నరలో అది ఐదో వంతు. అంతకన్నా ప్రమాదం, బ్లాకు ఎండలో, పిస్టన్ నీడలో ఉండటం. బ్లాకు 20 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే బోరు 0.8 థౌ దాకా పెద్దగా కనిపిస్తుంది. సరిపోయిందని ఆపేస్తే, చల్లారాక టైటు. బోరింగ్ మెషిన్ మీది నుంచి అప్పుడే దించిన బ్లాకుదీ ఇదే సంగతి. కొలతలు తెల్లవారుజామున, బ్లాకూ పిస్టన్లూ రాత్రంతా ఒకే గదిలో ఉన్నాక తీయడం ఉత్తమం.

బోరింగ్‌లో చివరి రెండు మూడు థౌలు హోనింగ్‌కు వదలాలి. హోనింగ్ రాళ్లు గోడ మీద అడ్డదిడ్డంగా గీసే సన్నటి గీతల్లోనే ఆయిల్ నిలుస్తుంది. రాళ్ల పొడి మాత్రం ఆ గీతల్లో నిలవకూడదు. పెట్రోలు, కిరోసిన్ దాన్ని పూర్తిగా కడగలేవు. వేడి నీళ్లు, సబ్బు, గట్టి బ్రష్ కావాలి. ఆయిల్ అద్దిన తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి. భూపాలపల్లి లాంటి బొగ్గు గనుల ఊరిలో ఈ జాగ్రత్త బండి బయటికి వెళ్లాకా సాగాలి. గాలి ఫిల్టర్ పైపుకు చిన్న పగులున్నా లోపలికి వెళ్లే దుమ్ము కొత్త బోరును మళ్లీ అరగదీస్తుంది. పాత జీపుల్లోని ఆయిల్ బాత్ ఫిల్టర్‌లో అడుగున బురద చేరితే ఆయిల్ మార్చకుండా నడపకూడదు.

క్లియరెన్స్ ఎక్కువైతే పొద్దున స్టార్ట్ చేయగానే టకటక వినిపించి, ఇంజను వేడెక్కాక తగ్గుతుంది. తక్కువైతే ఇంజను మొదటి ఎత్తులోనే బరువెక్కి, పిస్టన్ మీద నిలువు గీతలు పడతాయి. మొదటిదానితో కొన్నాళ్లు నెట్టుకురావచ్చు, రెండోది దారిలోనే ఆపేస్తుంది. చివరి ఓవర్‌సైజు కూడా దాటిన అంబాసిడర్ బ్లాకును పారేయనక్కర్లేదు. స్లీవ్ దించి స్టాండర్డ్ సైజుకు తేవచ్చు.

ఐటీఐలోని రెండేళ్ల మోటార్ మెకానిక్ ట్రేడులో బోర్ గేజ్ పట్టడం నేర్పుతారు. షెడ్డులో పనిచేసే కుర్రవాడికి మాత్రం ఆ విద్య ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికే అందుతుంది. కాబట్టి ఇంజను విప్పిన ప్రతిచోటా ఆ అంకెల్ని రాసి పెట్టాలి. ఏ బోరు ఎంత, ఏ పిస్టన్ ఎంత, ఎంత క్లియరెన్స్ వదిలారు, ఏ తేదీన అన్న నాలుగు ముక్కల కాగితం బిల్లుతో పాటు యజమానికి ఇవ్వాలి. మళ్లీ ఎప్పుడైనా హెడ్డు విప్పే మెకానిక్ అరుగుదల ఎంతో తేల్చుకోవడానికి మొదట అడిగేది ఆ కాగితమే.