మంగళవారం మస్టర్

గోదావరిఖనిలో రోడ్డు మీద బతికేవాళ్లంతా ఆకలితో ఉంటారనుకుంటే, ఆదివారం నాడు ఆ మాట నిలబడదు. పెళ్లిరోజు, పుట్టినరోజు, సంవత్సరీకం, ఎవరో నాయకుడి బర్త్‌డే, ఏదో ఒక పేరు మీద బస్టాండు దగ్గరా చౌరస్తాలోనూ అన్నం ప్యాకెట్లు దిగుతూనే ఉంటాయి. ఒక్కొక్కరి పక్కన మూడేసి బిర్యానీ పొట్లాలు. సాయంత్రానికి సగం కుక్కల పాలు. మంగళవారం వచ్చేసరికి అడిగే దిక్కుండదు. వీళ్ల జుట్టు తీయడానికి, పుండ్లు కడగడానికి మేం మంగళవారం పొద్దునే వెళ్తాం, అసలు కారణం మాత్రం అది కాదు. ఆ రోజు సెలూన్లు బంద్. మాలో కత్తెర పట్టడం వచ్చిన మనిషి ఒక్కడే, ఆయనకు తీరిక దొరికేది ఆ ఒక్క పూటే.

మేమంటే పెద్ద సంస్థేం కాదు. రిజిస్ట్రేషన్ లేదు, బ్యానర్ లేదు. సెలూన్ నడిపే అన్న, ఆసుపత్రిలో కట్లు కట్టే పని చేసి రిటైరైన ఒక అక్క, బొగ్గు బాయిలో రాత్రి షిఫ్ట్ దిగి ఇంటికి పోకుండా నేరుగా వచ్చే జనరల్ మజ్దూర్ పిల్లగాడు, ఇంకో ఇద్దరు ముగ్గురు. రాసుకోవడం తప్ప వేరే చేతిపని రాని నాకు బకెట్లు మోసే పని ఇచ్చారు. ఆ తర్వాత నోటుబుక్కు కూడా చేతిలో పెట్టారు. ఈ బుక్కు సంగతి తర్వాత చెప్తాను.

జడలు కట్టిన తల మీద ట్రిమ్మర్ పెట్టకూడదు. వెంట్రుక లాగుతుంది, మనిషి బెదురుతాడు, ఇక ఆ వారం దగ్గరికి రానివ్వడు. ముందు కత్తెరతో ముద్దలు ముద్దలుగా వదులు చేయాలి, తర్వాతే ట్రిమ్మర్. ఎప్పుడూ వెనక నుంచి పోకూడదు. ఎదురుగా, ఆయన కూర్చున్న ఎత్తుకే మనమూ కూర్చోవాలి. చేతిలో ఏముందో చూపించాలి. కత్తి కనబడకుండా దాచి తీసుకుపోతే చిన్నపిల్లలను మాయ చేసినట్టు అనుకుంటాం గానీ, రోడ్డు మీద రాత్రుళ్లు తన్నులు తిన్న మనిషికి దాచిన చెయ్యే పెద్ద భయం. వద్దంటే వద్దు. సెలూన్ అన్న దగ్గర నేను నేర్చుకున్నది ముఖ్యంగా ఇదే. ఆయన అద్దం తీసి చేతికిస్తాడు, దువ్వెన ఇస్తాడు, పక్కకు పోయి బీడీ ముట్టిస్తాడు. "అద్దం జూసినంక ఆళ్లే పిలుస్తరు సార్. పిలవకపోతే పై వారం" అంటాడు. పై వారం, ఆ పై వారం, ఒక్కోసారి నెలలు.

కాళ్ల పని అక్కది. చెప్పుల్లేకుండా నడిచిన కాలు మే నెలలో ఈ ఊరి తారు మీద ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మా గోదావరిఖని ఉన్న రామగుండంలో ఎండ 45 డిగ్రీలు దాటడం మాకు వార్త కూడా కాదు. పగిలిన మడమల్లో బొగ్గుధూళి ఇంకి నల్లటి గీతలుగా నిలిచిపోతుంది, సబ్బుకు పోదు. గోళ్లు కొమ్ముల్లా మందమై వంకర తిరిగితే మామూలు నెయిల్‌కట్టర్ పనికిరాదు. గోరువెచ్చని ఉప్పునీళ్లలో చాలాసేపు నాననిచ్చి, కొంచెం కొంచెంగా తీయాలి. షుగర్ ఉన్న కాలైతే అక్క అసలు ముట్టనివ్వదు, ఆటో పిలువు అంటుంది.

ఒకాయనకు చీలమండ దగ్గర పుండు, లోపల పురుగులు. అక్క టర్పెంటైన్‌లో ముంచిన గాజుగుడ్డ పెట్టి కూర్చుంది. ఆ ఘాటుకు పురుగులు ఒక్కొక్కటే పైకి వస్తాయి. వచ్చినదాన్ని వచ్చినట్టు ఫోర్సెప్స్‌తో తీసి డబ్బాలో వేస్తోంది. నేను మొహం తిప్పుకున్నాను. ఆయన అంతసేపూ అక్క మొహమే చూస్తూ, "పొద్దుగాల ఏమన్న తిన్నవా బిడ్డా?" అని అడిగాడు. తిన్న బాపూ అంది అక్క, తల ఎత్తకుండానే. ఆయన మళ్లీ, "ఏం దిన్నవ్?" ఉప్మా అని ఆమె చెప్పేదాకా వదల్లేదు.

టీ కొట్టు దగ్గర తెలిసినవాళ్లు అడుగుతుంటారు, వీళ్లను చూస్తే మీకు జీవితం మీద మంచి అవగాహన వస్తుంది కదా సార్ అని. కష్టం గురువు లాంటిదని ఒకరు, ఎవల కర్మ వాళ్లదని ఒకరు. ఈ రెండు మాటలూ నాకు నచ్చవు. రెండోది మనల్ని అక్కణ్నుంచి సాగనంపుతుంది. మొదటిది ఇంకా దొంగది. పుండుతో కూర్చున్న మనిషిని నాకు పాఠం చెప్పడానికి వచ్చిన పంతులును చేసేస్తుంది. ఆయన పుండు ఆయనది. నా అవగాహన పెరిగితే దానికి ఒరిగేదేం లేదు.

కాకపోతే బొగ్గు బాయిల ఊరివాడిగా నాకు ఒకటి తోచింది. కష్టం మాకు కొత్త కాదు. కానీ మా ఊళ్లో కష్టానికి కాగితం ఉంటుంది. చెయ్యి పోతే ఇంత, ప్రాణం పోతే ఇంత, ఊపిరితిత్తులు చెడితే మెడికల్ బోర్డు, అన్‌ఫిట్ అయితే పిల్లలకు నౌకరి. రేటు చాలదని కొట్లాడతాం, సమ్మెలు చేస్తాం. అసలు కష్టమే జరగలేదని మాత్రం ఎవడూ అనలేడు. బాయిలో దిగే ప్రతి మనిషి ల్యాంప్ రూమ్‌లో తన నంబరు దీపం తీసుకుంటాడు, ఎక్కినంక అప్పగిస్తాడు. షిఫ్ట్ ముగిశాక ఒక్క దీపం తక్కువైనా అది ఎవరిదో తేలాల్సిందే. 2003 జూన్ 16న సెవెన్ ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు జలసమాధి అయ్యారు. ఆ 17 పేర్లూ తెలుసు, ఎవరు ఏ షిఫ్ట్‌లో ఏ పనిమీద దిగారో తెలుసు. చౌరస్తాలో దుకాణం మెట్ల మీద పడుకునే మనిషి రేపు అక్కడ లేకపోతే? తక్కువైన దీపం ఎవరిదని అడగడానికి ఆయన ఏ రిజిస్టర్‌లోనూ లేడు. తెలిసిన దుఃఖానికీ తెలియని దుఃఖానికీ తేడా బరువులో లేదు, హాజరు వేసేవాడు ఉన్నాడా లేడా అన్నదాంట్లో ఉంది. నోటుబుక్కు పుట్టింది అలాగే. ఎవరు, ఎక్కడ పడుకుంటున్నారు, ఈ వారం కనబడ్డారా, నాగా పెట్టారా, అంతే రాస్తాం. మజ్దూర్ పిల్లగాడు దానికి మస్టర్ అని పేరు పెట్టాడు.

మస్టర్‌లో ఉన్నవాళ్లలో చాలామంది ఈ ఊరివాళ్లు కారు. కాజీపేట నుంచి బల్లార్షా పోయే రైలు మార్గం మీద ఉన్నాం మనం. ఉత్తరాది నుంచి దక్షిణాదికి పోయే రైళ్లలో మతిస్థిమితం తప్పిన మనుషులు ఎక్కడో ఎక్కి, టికెట్ లేదని దింపితే రామగుండంలో దిగుతారు. హిందీ, మరాఠీ, ఒడియా, ఒక్కోసారి ఏ భాషో కూడా తెలియదు. ముంబయి డాక్టర్ భరత్ వట్వానీ ఇలాంటివాళ్ల కోసమే కర్జత్‌లో శ్రద్ధా ఫౌండేషన్ నడుపుతున్నారు. వాళ్లకు వైద్యం చేయించి, ఊళ్లు వెతికి, ఇళ్లకు చేర్చే పనికి 2018లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. ఇంటికి చేర్చడం అనగానే ఆధార్, వేలిముద్ర అనుకుంటాం గానీ, అవి చాలాసార్లు కలవవు. మీ ఊరేది అని అడిగితే జవాబు రాదు. మీ ఊరి అంగడి ఏ వారం, వాగు పేరేంటి, జాతర ఎవరికి చేస్తారు అంటే వస్తుంది. మా దగ్గర ఒకామె ఎన్నో వారాలు ఒక్క అంగడి పేరే చెప్పేది. బీహార్ నుంచి కాంట్రాక్ట్ పనికి వచ్చిన కుర్రాడు ఆమె యాస పట్టి ఇది మావైపు మాటే అన్నాడు. అక్కడి పోలీస్ స్టేషన్‌కు ఫోన్లు, ఫోటోలు. చివరికి తమ్ముడు వచ్చాడు. ఆమె మాత్రం వాడితో మాట్లాడకుండా గోడ వైపు తిరిగి కూర్చుంది. రెండో రోజు సాయంత్రానికి బండెక్కింది. ఎందుకు తిరిగి కూర్చుందో, ఎందుకు ఎక్కిందో మాకు తెలియదు. అడిగే హక్కూ మాకు లేదు.

ఇందులో పోలీసుల బాధ్యత ఉందని చాలామందికి తెలియదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 100 ప్రకారం, మతి చెదిరి తనను తాను చూసుకోలేని స్థితిలో తిరిగే మనిషి కనబడితే స్టేషన్ అధికారి రక్షణలోకి తీసుకోవాలి, 24 గంటలు దాటకుండా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు. ఇల్లూ వాకిలీ లేనివాళ్లయితే మిస్సింగ్ కేసు రాసి, కుటుంబాన్ని వెతకాలి. ఆ సెక్షన్ కాగితాన్ని ప్రింట్ తీసి సంచిలో పెట్టుకు తిరగడం మొదలుపెట్టాక మాటల తీరు కొంత మారింది. నైట్ షెల్టర్ల సంగతీ అంతే. పట్టణాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున 24 గంటలూ నడిచే వసతి గృహం ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. 2011 జనగణనలో రామగుండం జనాభా 2 లక్షల 29 వేలు దాటింది. లెక్క మీరే వేసుకోండి.

బయటివాళ్ల గురించి ఇంత తేలిగ్గా రాయగలిగాను. మనవాళ్ల దగ్గరికి వచ్చేసరికి కలం ముందుకు పోదు. ఎందుకంటే వాళ్లు ఎలా రోడ్డు మీదికి వచ్చారో ఊరందరికీ తెలుసు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా పనిచేసేవారు, ఇప్పుడు 40 వేల చుట్టుపక్కలే. చేత్తో బొగ్గు నింపే తట్టా చెమ్మస్ పోయి యంత్రాలు వచ్చాయి, భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరిగాయి. తాగుడుకు పడి ఏడాదికి 100 మస్టర్లు, అంటే హాజర్లు, కూడా నిండక నౌకరి పోగొట్టుకున్నవాళ్లు కొందరు. నౌకరి బాగానే చేసి దిగిపోయినవాళ్లకు వేరే కథ. రిటైరైతే క్వార్టర్ ఖాళీ చేయాలి. 1998 నాటి బొగ్గు గనుల పెన్షన్ ధరలతో పాటు పెరిగేది కాదు, మొదట ఎంత కట్టారో అక్కడే ఆగింది. చేతికొచ్చిన సొమ్ము బిడ్డ పెళ్లికో, ఇంటి జాగకో పోయింటుంది. ఆ ఇల్లు కొడుకు పేరు మీద ఉంటుంది.

మా మస్టర్‌లో ఒక కోల్‌ఫిల్లర్ ఉన్నాడు. నిజానికి మస్టర్‌లో లేడు, అదే చెప్పబోతున్నాను. మొదట్లో మా వైపు చూసేవాడు కాదు. అన్న అద్దం ఇస్తే పక్కన పెట్టేశాడు. ఒక రోజు మజ్దూర్ పిల్లగాడు డ్యూటీ బట్టలతోనే, మొహం మీద బొగ్గు కూడా కడుక్కోకుండా వచ్చాడు. ముసలాయన వాడి బూట్లు చూసి, "ఏ బాయిరా నీది?" అన్నాడు. వాడు చెప్పాడు. అంతే, మనిషి నిటారుగా కూర్చున్నాడు. ఆ బాయిలో ఎన్నో లెవెల్లో పైకప్పు పలపలా అనేదో, ఏ సర్దార్ తిట్లు తిట్టకుండా పని చెప్పేవాడో, టబ్బు నింపితే ఎంత పడేదో, గంట సేపు చెప్పాడు. అన్న జుట్టు తీస్తుంటే అడ్డం చెప్పలేదు. ఇన్నేళ్లలో తిండి లేదని ఆయన మాతో ఒక్కసారి కూడా అనలేదు. ఆయన ఫిర్యాదు ఒక్కటే: పాత జతగాడు ఒకడు మార్కెట్‌లో ఎదురుపడి, చూసి కూడా చూడనట్టు పోయాడట.

పేరు రాసుకుంటానని బుక్కు తీశాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"రాయకు బిడ్డా. నా పేరు ఎందుల రాయకు."

ఊరికే, కనబడకపోతే వెతకడానికి అన్నాను.

"కనబడకుంటే పోయిన్ననుకో. కాయితం మీదికెక్కితె ఆఫీసుకు పోతది. మావోని నౌకరికి ఎసరొస్తది."

మెడికల్ అన్‌ఫిట్ అయి నౌకరి కొడుక్కి ఇప్పించాడు. ఆ కొడుకు ఇదే ఊళ్లో ఉంటాడు. 2007 నాటి వయోవృద్ధుల చట్టం కింద ట్రిబ్యునల్‌లో అర్జీ పెడితే నెలకు 10 వేల దాకా ఇప్పించవచ్చు, తల్లిదండ్రులను వదిలేస్తే మూడు నెలల దాకా జైలు కూడా ఉంది, ఇవన్నీ వివరంగా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. "గదంత నాకెర్కనే" అని, గోరు తీయించుకోవడానికి అక్క వైపు కాలు చాపాడు.

ఆ రోజు మొదలైన గొడవ మాలో ఇప్పటికీ తెగలేదు. మజ్దూర్ పిల్లగాడు కూడా తండ్రి నౌకరి తీసుకున్నవాడే. అందరికంటే వాడికే ఎక్కువ మండుతోంది. ఆయన చెప్పకపోయినా మనం అర్జీ పెడదాం, కొడుకు గుంజుకొచ్చి ఇంట్లో పెట్టుకుంటాడు అంటాడు. అక్క ఒప్పుకోదు. బలవంతాన ఇంట్లో పెట్టుకున్న ముసలోడికి ఏ మూల చాప వేస్తారో నాకు తెలుసు, ఆస్పత్రిలో చూసిన అంటుంది. అన్న ఎటూ చెప్పడు, జుట్టు పెరిగిందో లేదో చూస్తాడు. నేను చట్టం వైపు. మనిషికి చేతకాని స్థితి అయితేనే, అదీ ఆయన అధికారం ఇస్తేనే, ఆయన తరఫున వేరేవాళ్లు అర్జీ పెట్టవచ్చని ఆ చట్టమే చెప్తుంది. చేతకాని స్థితి అంటే ఏమిటో మాత్రం అందులో వివరంగా లేదు. బుక్కులో ఆయన వరస ఖాళీ. ఎదురుగా టిక్కు పెట్టే గడి మాత్రం ఉంది, వారం వారం పెడుతున్నాం. పోయిన మంగళవారం గోదావరి బ్రిడ్జి వైపు మారాడని ఎవరో చెప్తే పిల్లగాడు బండేసుకుని పోయి చూసొచ్చాడు. ఉన్నాడు. వచ్చి టిక్కు పెట్టి, అర్జీ ఎప్పుడు రాస్తున్నావన్నా అని మళ్లీ నన్నే అడిగాడు.