రెన్ అండ్ మార్టిన్, రాపిడెక్స్: ఏది ఎవరికి?

కోఠి పాత పుస్తకాల కొట్లకు వెళ్లినా, విజయవాడ లెనిన్ సెంటర్‌కు వెళ్లినా ఇంగ్లిష్ నేర్చుకునే పుస్తకం అడిగితే తరచుగా చేతికొచ్చేవి రెండు. ఒకటి ‘హైస్కూల్ ఇంగ్లిష్ గ్రామర్ అండ్ కాంపోజిషన్’. అసలు పేరు ఎవరూ అనరు, రెన్ అండ్ మార్టిన్ అంటారు. రెండోది ‘రాపిడెక్స్ ఇంగ్లిష్ స్పీకింగ్ కోర్స్’. మొదటిదాన్ని మాస్టార్లు చదవమని చెబుతారు. రెండోదాన్ని చదివినవాళ్లు చదివామని చెప్పుకోరు. ఉద్యోగానికీ నలుగురితో మాట్లాడటానికీ ఇంగ్లిష్ కావాలనుకునేవారి వైపు నుంచి చూస్తే ఆ గౌరవమూ ఈ చిన్నచూపూ న్యాయమేనా?

పి.సి. రెన్ బొంబాయి ప్రాంతంలో విద్యాశాఖ ఉద్యోగం చేసినవాడు. బయటి ప్రపంచానికి 1924లో వచ్చిన ‘బో జెస్ట్’ అనే సాహస నవల రచయితగా తెలుసు, మనకు మాత్రం గ్రామర్ మాస్టారు. హెచ్. మార్టిన్‌తో కలిసి 1930లలో తెచ్చిన ఆ పుస్తకాన్ని తర్వాతి కాలంలో ఎన్.డి.వి. ప్రసాదరావు సవరించారు. ఎస్. చాంద్ ప్రచురణగా ఇప్పటికీ అమ్ముడుపోతోంది. రాపిడెక్స్ ఢిల్లీ పుస్తక్ మహల్ వారిది. కపిల్ దేవ్ బొమ్మతో వచ్చిన ప్రకటనలు దాన్ని ఊరూరికీ చేర్చాయి. తెలుగుతో పాటు అనేక భారతీయ భాషల్లో ఉంది.

రెండింటికీ అసలు తేడా ఎదుట ఎవరిని కూర్చోబెట్టుకుని రాశారన్న దగ్గరే ఉంది. రెన్ అండ్ మార్టిన్ ఊహించుకున్నది బ్రిటిష్ హయాం నాటి హైస్కూలు విద్యార్థిని. ఇంగ్లిష్ అతని చెవిన ఎలాగూ పడుతుంది, ఇక దాన్ని సరిదిద్దితే చాలన్నది ఆ పుస్తకం ధీమా. అందుకే వాక్యం, కర్త, క్రియ అంటూ నేరుగా విభజనతో మొదలవుతుంది. జిల్లా పరిషత్ హైస్కూలుకు వచ్చేసరికి చెవిన పడే ఇంగ్లిష్ లేకుండా పోయింది, సరిదిద్దడం మాత్రం మిగిలింది. వాయిస్ మార్చమంటే మార్చగలిగిన పిల్లవాడు బస్సులో పక్కవాడు టైమెంతని ఇంగ్లిష్‌లో అడిగితే నీళ్లు నమలడానికి కారణం ఇదే. తప్పు పుస్తకానిది కాదు, దాన్ని మాట నేర్పే పుస్తకమనుకున్న మనది.

రాపిడెక్స్ ఊహించుకున్నది పెద్దవాణ్ని. అతనికి మాతృభాష ఉంది, పని ఉంది, నలుగురిలో తప్పు మాట్లాడితే నవ్వుతారన్న బెరుకు ఉంది. అందుకే మాతృభాషలో వాక్యం, దానికి ఇంగ్లిష్, ఆ ఇంగ్లిష్ పలకడానికి మన లిపి, ఇవన్నీ పక్కపక్కనే పెట్టింది. అరవై రోజుల ప్రణాళిక వేసి పలకరింపులతో, మర్యాదలతో ఆరంభించింది. వ్యాకరణం ఇందులోనూ ఉంది, కాకపోతే మాట వెనక నడుస్తుంది.

మర్యాదతో మొదలుపెట్టడం తెలుగువాళ్ల విషయంలో చాలా తెలివైన పని. ‘ఆ ఫైలు పంపండి’ అంటే గౌరవమంతా క్రియ చివరి ‘అండి’లోనే ఉంది. దాన్నే ‘సెండ్ దట్ ఫైల్’ అంటే మన మనసులో గౌరవం ఉన్నా అవతలివాడి చెవికి ఆజ్ఞలా వినిపిస్తుంది. ‘కుడ్ యూ సెండ్ మి దట్ ఫైల్?’ అన్నది కొత్త ఉద్యోగికి మొదటి వారంలోనే కావాలి. రెన్ అండ్ మార్టిన్‌లో ఆజ్ఞా వాక్యం ఒక వాక్యభేదం. రాపిడెక్స్‌లో ఎదుటి మనిషితో ఎలా మసలుకోవాలన్నదానికి సంబంధించిన విషయం. ఈ ఒక్కచోట రాపిడెక్స్ స్పష్టంగా ముందుంది.

తప్పులు దిద్దుకోవాల్సి వస్తే మాత్రం తక్కెడ రెన్ అండ్ మార్టిన్ వైపు మొగ్గుతుంది. ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’, ‘ఐ యామ్ నాట్ నోయింగ్’ అనేవి మన ఆఫీసుల్లో రోజూ వినేవే. ఏ క్రియలు సాధారణంగా కంటిన్యుయస్‌లో రావో రెన్ అండ్ మార్టిన్ విడిగా చెబుతుంది. ఆ ఒక్క పేజీ అర్థమైతే ఇలాంటి వంద వాక్యాలు ఒకేసారి బాగుపడతాయి. ఒక్కో వాక్యం బట్టీ పట్టించే రాపిడెక్స్‌తో ఆ పని నెమ్మదిగా అవుతుంది. అందరూ విసుక్కునే డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ కూడా ఆఫీసులో అక్కరకొస్తుంది. క్లయింట్ ఫోన్లో ఏమన్నాడో మేనేజరుకు మెయిల్ రాయడమంటే ఆ అధ్యాయాన్ని అమలు చేయడమే.

ఉచ్చారణ దగ్గర రెండింటికీ మార్కులు తక్కువే. రెన్ అండ్ మార్టిన్‌కు అది తన పని కాదు. రాపిడెక్స్ తెలుగు లిపిలో రాసి చూపడం మొదటి మెట్టుకు మేలు చేస్తుంది, తర్వాతి మెట్టుకు అడ్డొస్తుంది. పడమరా బనియనూ రెండూ మన లిపిలో ‘వెస్ట్’ అవుతాయి. ‘ఫొటోగ్రాఫ్’లో ఊనిక మొదటి అక్షరం మీద, ‘ఫొటోగ్రాఫర్’లో రెండో అక్షరం మీద. తెలుగు లిపిలో రాస్తే రెండూ ఒకే తీరుగా కనిపిస్తాయి. చదివినవాడు అన్ని అక్షరాలూ సమానంగా పలుకుతాడు, విన్నవాడు ‘పార్డన్?’ అంటాడు. పుస్తకం చూడటం తగ్గించి వినడం పెంచితే తప్ప ఇది కుదరదు.

రెండింటికీ ఉన్న అసలు లోటు మరొకటి. సంభాషణలో ఎదుటివాడు ఏమంటాడో ముందే తెలియదు. రెన్ అండ్ మార్టిన్‌లో ఎదుటి మనిషే లేడు. రాపిడెక్స్‌లో ఉన్నాడు గానీ అతను కూడా పుస్తకం ప్రకారమే జవాబిస్తాడు. ఆఫీసులో అలా జరగదు. ‘డిడ్‌న్ట్ యూ సెండ్ ద రిపోర్ట్?’ అని ఫోన్లో అడిగారనుకుందాం. మన అలవాటులో ‘అవునండీ, పంపలేదు’ అనుకుని ‘యెస్ సార్’ అంటాం. అవతలివాడు రిపోర్టు వెళ్లిపోయిందనుకుంటాడు. ఎప్పుడు పంపావని మళ్లీ అడిగితే గానీ గుట్టు బయటపడదు. ఇలాంటివి ఇద్దరు మనుషుల మధ్య పని నడుస్తుంటేనే తేలతాయి.

ఈ సంగతి మన దక్షిణాదిలోనే ఒక ఇంగ్లిష్ బోధనా నిపుణుడు చేసి చూపించాడు. ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు బెంగళూరు, మద్రాసు వంటిచోట్ల కొన్ని బడుల్లో నడిపిన ప్రయోగాన్ని బెంగళూరు ప్రాజెక్టు అంటారు. క్లాసులో వ్యాకరణ పాఠం ఉండదు. రైళ్ల టైంటేబుల్ ఇచ్చి ఫలానా వేళకు చేరాలంటే ఏ బండి ఎక్కాలో తేల్చమంటారు, మ్యాపు ఇచ్చి దారి చెప్పమంటారు. మనసు లెక్క తేల్చడంలో ఉంటే భాష దాని వెంట వస్తుందన్నది ఆయన వాదం. ఆ పద్ధతిలో వాక్యశుద్ధి వెనకబడుతుందన్న విమర్శా వచ్చింది, అందులో నిజం లేకపోలేదు. అయినా మన రెండు పుస్తకాలూ ఎక్కడ ఆగిపోయాయో తెలుసుకోవడానికి అది మంచి కొలబద్ద.

ఉద్యోగం కోసం, రోజువారీ మాట కోసం నేర్చుకునేవారు మొదట తెరవాల్సింది రాపిడెక్సే. దాచుకుని చదవాల్సిన పనేమీ లేదు. రెన్ అండ్ మార్టిన్‌ను మొదటి పేజీ నుంచి చదవకండి, తప్పు దొరికినప్పుడు ఆ అధ్యాయం వరకు తెరవండి. రోజూ ఒక అరగంట రెండూ మూసేసి, తోటి ఉద్యోగిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ రోజు పని గురించి ఇంగ్లిష్‌లో మాట్లాడండి. అతణ్ని పుస్తకంలో లేని ప్రశ్నలు అడగమనండి. ఆ అరగంట లేకపోతే ఈ రెండు పుస్తకాల్లో ఏది కొన్నా ఒకటే.