పావురం కోసం వెళ్లిన రాకుమారుడు

మొన్న పొద్దున మంఖాల్‌లో మా చెల్లెలింట్లో ఒక చిన్న పంచాయితీ అయింది. మేనకోడలు ఎయిర్‌పోర్టు కార్గోలో నైట్ షిఫ్టు ముగించుకుని వచ్చింది. క్యాబ్ దిగేసరికే కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. "ఎవలన్న ఏమన్న అన్నరా బిడ్డా?" అని మా అమ్మ నిలదీసింది. ఎవరూ ఏమీ అనలేదట. దారి పొడుగునా ఫోన్‌లో చైనా సీరియల్ చివరి భాగం చూసిందట. "రెండు సైన్యాల నడుమ నిలబడి పాణం తీసుకుంది అమ్మమ్మా, ఆ పిల్ల!" అంటూ మళ్లీ మొదలుపెట్టింది. మా అమ్మ తేలిగ్గా తీసిపారేసింది. "గీ దానికేనా? సారంగధర ఆట జూసి తెల్లారి నాట్లకు పోతే, బురదల నిలబడి గూడ ఏడుస్తుంటిమి."

ఆ సీరియల్ పేరు గుడ్‌బై మై ప్రిన్సెస్, 2019లో వచ్చింది. సరిహద్దు రాజ్యపు రాకుమారి షియావ్‌ఫెంగ్, తన తాత తెగను నాశనం చేయించినవాణ్ణే ప్రేమిస్తుంది. నిజం తెలిశాక మరపు నదిలో దూకుతుంది, వెనకే అతనూ దూకుతాడు. ఇద్దరూ అంతా మరిచిపోతారు. తర్వాత ఆమెను అతనికే ఇచ్చి పెళ్లి చేస్తారు. వాళ్లకు గుర్తులేనిది చూసేవాళ్లకు గుర్తుంటుంది. వాళ్లు నవ్వుకున్న ప్రతిసారీ మన గుండె కలుక్కుమంటుంది. పాత్రల్ని ఇలా చిత్రవధ చేసే రచయితలకు చైనా పాఠకులు పెట్టుకున్న ముద్దుపేరు ఒకటుంది: సవతి తల్లి.

మా అమ్మ చెప్పిన సారంగధరను బలి చేసింది కూడా సవతి తల్లే కదా అని నవ్వొచ్చింది. నవ్వు సంగతి అటుంచితే, సారంగధర కథ చెప్పడంలో మనవాళ్ల పనితనం తక్కువదేమీ కాదు.

రాజమహేంద్రవరం ఏలే రాజరాజనరేంద్రుడు కొడుకు సారంగధరుడికి సంబంధం వెతికిస్తాడు. చిత్రాంగి చిత్రపటం వస్తుంది. పటం చూసి రాజే మోహపడి ఆమెను తన రాణిగా చేసుకుంటాడు. ఒకనాడు రాజు వేటకు వెళతాడు. సారంగధరుడు ఎగరేసిన పావురం పోయి చిత్రాంగి మేడ మీద వాలుతుంది. స్నేహితుడు వద్దంటున్నా అతను దానికోసం లోపలికి వెళతాడు. ఆమె మనసు విప్పుతుంది. నువ్వు నాకు తల్లివంటాడు అతను. రాజు తిరిగొచ్చాక ఆమె నింద వేస్తుంది. విచారణ లేదు, కాళ్లూ చేతులూ నరకమని ఆజ్ఞ.

ఇందులో రాజ్యకాంక్ష లేదు, యుద్ధం లేదు. అంతా ఒక పావురం మీద నిలబడింది. పావురం ఇంకో కొమ్మ మీద వాలి ఉంటే కథే లేదు. ఇంత అల్పమైన కారణానికి అంత పెద్ద శిక్ష పడటం వల్లే దుఃఖం తీరదు. దుర్మార్గుడు పన్నాగం పన్ని ఉంటే వాణ్ణి తిట్టుకుని ఊరటపడేవాళ్లం. పావురాన్ని ఏమని తిడతాం?

చిందు భాగోతంలో ఈ ఘట్టం ఎలా నడిచేదో మా అమ్మ చెబితే వినాలి. ముఖాలకు అర్దళం, తలమీద చెక్క కిరీటం, భుజకీర్తులు, కాళ్లకు గజ్జెలు. ఊరి నడుమ రాత్రంతా ఆట. పావురమంటూ ఏదీ ఉండేది కాదట. సారంగధర వేషగాడు మద్దెల దెబ్బకు అడుగు ఆపి తల పైకెత్తేవాడట, అతని చూపు వెంబడి ఊరంతా తల పైకెత్తేదట. ఆ చూపు మెల్లగా జరిగి ఒకచోట ఆగేది. అంతే, పావురం మేడెక్కినట్టు. ముసలమ్మలు కూర్చున్నచోటి నుంచే "పోకు కొడుకా!" అని అరిచేవాళ్లు. కథ వాళ్లకు ఎన్నోసారో! అయినా అరిచేవాళ్లు. అదే సమయంలో హాస్యగాడు బుడ్డర్‌ఖాన్ వచ్చి నవ్వించి పోయేవాడు. నవ్వి అలసిన జనం మీద ఆ శిక్ష ఘట్టం వచ్చి పడేసరికి ఏడుపు రెండింతలయ్యేది.

ఈ కథ చాలాకాలం ఏడుపుతో ముగియలేదు. మంఖాల్ పక్కనుంచి పోయే రోడ్డు పట్టుకుని నేరుగా వెళితే శ్రీశైలం. అక్కడి భిక్షావృత్తి మఠాధిపతి కోరిక మీద 15వ శతాబ్దంలో గౌరన ద్విపదలో నవనాథ చరిత్ర రాశాడు. అందులో సారంగధరుడు సిద్ధుడి కరుణతో అంగాలు తిరిగి పొంది, చౌరంగి అనే నాథయోగి అవుతాడు. తంజావూరులో చేమకూర వెంకటకవి కూడా సారంగధర చరిత్ర రాశాడు. సంస్కృత నాటక మర్యాద కూడా శుభం పలికేదాకా తెర దించనివ్వదు. రంగం మీదే దుర్యోధనుణ్ణి చనిపోనిచ్చిన భాసుడి ఊరుభంగం లాంటివి అరుదు.

బళ్లారి వకీలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) ఆ మర్యాదను పక్కనపెట్టాడు. సరసవినోదినీ సభ కోసం నాటకాలు రాసిన ఆయన, ఈ కథను కన్నీళ్ల దగ్గరే ఆపి విషాద సారంగధర అని పేరు పెట్టాడు. ఏం జరగబోతోందో పేరులోనే చెప్పేశాడు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దాన్నే లెక్కిస్తారు. ఆయన చేతిలో తెలుగు నాటకానికి రాగం పట్టింది. పద్యం అందుకున్నాక కాలం ఆగిపోతుంది: హార్మోనియం శ్రుతి, ముఖారి లాంటి రాగంలో ఒక్క పాదం మీద నాలుగు నిమిషాల ఆలాపన, వధ్యశిల దగ్గర కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే. చైనా సీరియల్‌లో స్లోమోషన్ చేసే పని ఇక్కడ గొంతు చేసింది. కానీ వన్స్‌మోర్ల మోజులో పడి ఆ రంగస్థలం తన విషాదాన్ని తనే పాడుచేసుకుంది కూడా. చచ్చిపోయిన పాత్ర లేచి మళ్లీ పద్యం అందుకుంటే ఇంకేం దుఃఖం!

ఇదంతా చెబితే మేనకోడలు అన్నం తింటూ విని, ఒక్కటే అడిగింది. "మరి చిత్రాంగి సంగతేంది మామా? కొడుకు పటం జూపిచ్చి తండ్రికి కట్టబెట్టిన్రు. ఆ పిల్లను ఎవ్వలు అడగలేదా?"

అడిగినవాళ్లు తక్కువ. చలం చిత్రాంగి పేరుతోనే నాటకం రాశాడు. 1957లో వచ్చిన సారంగధర సినిమాలో ఎన్టీఆర్ సారంగధరుడు, భానుమతి చిత్రాంగి. నా మటుకు నాకు ఈ కథలో ఇద్దరు బలయ్యారు. ఒకరి కాళ్లూ చేతులూ రాజాజ్ఞతో పోయాయి, ఒకరి బతుకు పటం మారినరోజే పోయింది. మన సంప్రదాయం మొదటివాడి కోసం రాత్రంతా పాడింది, రెండోదాన్ని పాపిష్ఠిదంది. చైనా సీరియల్ అంతఃపురంలో చిక్కుకున్న పిల్ల పక్షాన నిలబడింది. అంత మాత్రాన దాన్ని మన ఆటకంటే గొప్పదనను. యాభై పైచిలుకు భాగాలు లాగిన కథను మనవాళ్లు ఒక్క రాత్రిలో, ఒక్క చూపుతో నడిపారు. కానీ ఇవాళ ఎవరైనా చిందులో సారంగధర కడితే, చిత్రాంగికి కూడా ఒక ఏడుపు దరువు కట్టాలి.

ఇక చరిత్ర. రాజరాజనరేంద్రుడు నిజంగానే 1022లో రాజమహేంద్రవరంలో పట్టం కట్టుకున్నాడు, నన్నయ చేత భారతం మొదలుపెట్టించాడు. ఆయన రాణి రాజేంద్ర చోళుని కూతురు అమ్మంగదేవి. వాళ్ల కొడుకు 1070లో చోళ సింహాసనమెక్కి, కులోత్తుంగుడనే పేరుతో దాదాపు 50 ఏళ్లు రెండు చేతులా రాజ్యమేలాడు. శాసనాల్లో సారంగధరుడూ లేడు, చిత్రాంగీ లేదు. రాజమండ్రిలో సారంగధర మెట్ట మాత్రం ఉంది.