అట్టు పెనం మీద, రుచి ఈత చెట్టు మీద

మనం సంక్రాంతికి అరిసెల పాకం చూసుకునే వేళకే కోల్‌కతా వంటిళ్లలో కొబ్బరికాయలు కోరడం మొదలవుతుంది. వాళ్లకది పౌష సంక్రాంతి. ఆ పండక్కి చేసే పిండివంటలన్నిటినీ కలిపి పిఠే-పులి అంటారు. పాలలో ఉడికే దూధ్ పులి, చిలగడదుంపతో చేసే పులి, పాకంలో నానే గోకుల్ పిఠే, ఇలా చాలానే ఉన్నాయి. వాటిలో చూడ్డానికి అతి సాదాగా ఉండేది పాటిసాప్టా. పలుచటి అట్టు, లోపల కొబ్బరి లౌజు, చాపలా చుట్టిన చుట్ట. అంతే.

పిండి కలపడం తేలికే. బియ్యప్పిండి, మైదా, కాస్త బొంబాయి రవ్వ తీసుకుని పాలతో జారుగా కలిపి అరగంటైనా నాననివ్వాలి. రవ్వ పాలు పీల్చి పిండిని గట్టిపరుస్తుంది కాబట్టి పోసే ముందు మళ్లీ కాసిని పాలు పడతాయి. బియ్యప్పిండి మోతాదు మించితే చుట్టేటప్పుడు అట్టు పగులుతుంది. మైదా మించితే సాగుతుంది. దోసెల పెనానికి మనం ఉల్లిపాయ ముక్కతో నూనె రాసినట్టు పాతకాలపు బెంగాలీ ఇల్లాళ్లు వంకాయ తొడిమతో రాస్తారు. తీపి అట్టుకు ఉల్లి వాసన అంటితే ఇంకేముంది! సెగ సన్నగా ఉండాలి. పైన తడి ఆరగానే, అడుగు ఎర్రబడక ముందే, ఒక అంచున లౌజు పొడవుగా పెట్టి చుట్టేయాలి. కరకరలాడిందంటే చెడినట్టే.

ఓవెన్‌లో చేసే జర్మన్ పాన్‌కేక్ దీనికి పూర్తిగా ఎదురు. గుడ్లు, పాలు, మైదా గిలకొట్టి, వెన్న కాగిన ఇనప మూకుడులో పోసి, 220 డిగ్రీల వేడిలో పెడతారు. పిండిలోని తడి ఆవిరవుతుంది, గట్టిపడుతున్న గుడ్డు ఆ ఆవిరిని పట్టి ఉంచుతుంది. చిటికెడు సోడా లేకుండానే అంచులు పైకి లేస్తాయి. బయటికి తీశాక చూస్తుండగానే కుంగిపోతాయి. దాని సొగసంతా ఆ పొంగులోనే. పైన చల్లే చక్కెర పొడి, పిండే నిమ్మరసం ఏ ఊళ్లోనైనా, ఏ నెలలోనైనా దొరుకుతాయి. పాటిసాప్టాకు అలా కుదరదు. దాని లౌజుకు నొలెన్ గుర్ అనే బెల్లం కావాలి, అది చలికాలంలోనే పుట్టాలి.

ఆ బెల్లం వచ్చేది ఏ చెట్టు నుంచో కాదు, తెలంగాణ పల్లెల్లో గౌడులు గీసే ఈత చెట్టు నుంచే. మనం దాన్ని కల్లుకు రాసిచ్చేశాం. 2023లో హైదరాబాద్‌లో నీరా కేఫ్ తెరిచాక పులియని రసం గురించి పట్నంలో కాస్త మాట మొదలైంది కానీ, బెంగాల్‌లో ఆ పులియని రసమే ఒక బతుకుతెరువు. అక్కడి గీత కార్మికులను షియులీలు అంటారు. సాయంత్రం చెట్టు గీసి కుండ కడతారు, తెల్లవారకముందే దించుతారు. ఎండ పొడ సోకితే రసం పులుస్తుంది. పులిసింది కల్లవుతుంది తప్ప బెల్లం కాదు. కుండలకు పొగ పట్టించి ఆరబెట్టేదీ ఆ పులుపు భయంతోనే. చెట్టుకు కొన్నాళ్లు విశ్రాంతి ఇచ్చి, మళ్లీ గీసిన మొదటి రాత్రి కారే రసాన్ని జిరేన్ అంటారు. మేలైన బెల్లం దాంతోనే.

ఆ తర్వాత పొయ్యి పని. వెడల్పాటి బాణలిలో రసాన్ని మరిగించి, పాకంగా ఉండగా దించితే ఝోలా గుర్, ఇంకా చిక్కబరిచి అచ్చుల్లో పోస్తే పాటాలి. ఆ దించే క్షణం తెలియడమే విద్య. 1973లో వచ్చిన ‘సౌదాగర్’ హిందీ సినిమా నడిచేదే ఈ విద్య మీద. దానికి మూలం నరేంద్రనాథ్ మిత్ర బెంగాలీ కథ ‘రస్’. రసం దించి బెల్లం అమ్ముకునే అమితాబ్, చక్కగా కాచే నూతన్‌ను వదిలేసి వయసులో ఉన్న అందగత్తెను కట్టుకుంటాడు. కొత్త పెళ్లాం చేతి బెల్లం బజారులో ఎవరికీ నచ్చదు. చెట్టెక్కినవాడికి పేరొచ్చినా, ఆ పేరు నిలిపేది పొయ్యి దగ్గర కూర్చున్నామె. వంటల పుస్తకాల్లో ఆమె ఊసే ఉండదు.

లౌజుకు తాజా కొబ్బరి కోరు, బెల్లం కలిపి, ముద్దకొచ్చేదాకా సన్నసెగ మీద తిప్పుతారు. కోవా కలిపే ఇళ్లూ ఉన్నాయి. చిక్కగా కాచిన పాలలో ఈ బెల్లం వేయాలంటే మాత్రం పొయ్యి కట్టేసి, వేడి తగ్గనివ్వాలి. లేకుంటే పాలు విరుగుతాయి. బెల్లం పరమాన్నం వండే మన అమ్మమ్మలకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

కోల్‌కతాలో ఇప్పుడు పాటిసాప్టాను మిఠాయి దుకాణాలూ అమ్ముతున్నాయి. నొలెన్ గుర్ సందేశ్ దుకాణంలోనే కొనాలి, ఒప్పుకుంటాను. 1844 నాటి గిరీశ్ చంద్ర దే, నకుడ్ చంద్ర నందీ దుకాణం సందేశ్‌ను ఇంట్లో ఎవరు చేయగలరు? కానీ పాటిసాప్టా ఇంటి వంట. అద్దాల బీరువాలో గంటల తరబడి ఉంటే అట్టు బిరుసెక్కుతుంది. ఇంట్లో చేసినవి రాత్రి మిగిలితే పలుచగా కాచిన పాలలో వేసి ఉంచి, పొద్దున్నే చల్లగా తింటారు. చాలామందికి వేడివేడివాటికన్నా అవే ఇష్టం.

మన ఊళ్లో చేసుకోవాలంటే డిసెంబరు, జనవరిలలో బెంగాలీ మిఠాయి దుకాణాల్లో పాటాలి కోసం అడగండి. గోటితో నొక్కితే లోపలికి దిగేంత మెత్తగా ఉండాలి. రాయిలా గట్టిగా ఉంటే చక్కెర కలిపారని అనుమానించాలి. దొరక్కపోతే తాటి బెల్లంతో చేయవచ్చు. పొగచూరిన ఆ ఈత వాసన రాదు గానీ, మామూలు చెరకు బెల్లం కన్నా అదే దగ్గర.